గల్ఫ్ కుటుంబాలకు తగినట్టు పెంపకం తరగతులను మలచుకోవడం ఎలా?

పరాయి దేశంలో తయారైన పిల్లల పెంపకం పాఠాలను తెచ్చేవారు చాలాసార్లు భాష మార్చి, పని పూర్తయిందనుకుంటారు. అమెరికాలోని లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న, వలస కుటుంబాలతో పనిచేసినవారు అది చాలదని గ్రహించారు. స్పానిష్‌లో 'ఎడుకాసియోన్' అంటే బడి చదువొక్కటే కాదు, పెద్దల ఎదుట మెలగవలసిన తీరు కూడా. అందుకే 1995లో మనస్తత్వవేత్త బెర్నాల్, ఆయన సహచరులు భాషతో పాటు బోధించే మనిషి, ఉపమానాలు, విషయం, భావనలు, లక్ష్యాలు, పద్ధతులు, సందర్భం అనే ఎనిమిది కోణాలలో సవరణ జరగాలన్నారు. అమెరికాలోని ఒరెగాన్‌లో తల్లిదండ్రుల శిక్షణకు రూపొందిన కార్యక్రమాన్ని పరిశోధకుడు రూబెన్ పార్రా-కార్డోనా బృందం డెట్రాయిట్‌లో అమలు చేసినప్పుడు మెచ్చుకోవడం, హద్దులు పెట్టడం వంటి మూల నైపుణ్యాలను కదిలించలేదు. అమలు చేసిన రెండు రూపాల్లో ఒకదానిలో మాత్రం వివక్ష, వలస ఒత్తిడి, రెండు సంస్కృతుల నడుమ పెరగడం గురించి ప్రత్యేకంగా చర్చ చేర్చింది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాలలో తండ్రి గల్ఫ్‌లో, తల్లి బీడీల చాట ముందు, పిల్లలు నాయినమ్మ దగ్గర ఉండే ఇళ్లకు ఇదే దారి పనికొస్తుందని నా నమ్మకం. తరగతి మొదలుపెట్టే ముందు రెండు వారాలు కేవలం వినండి. 'మంచి పిల్లవాడు' అంటే ఏమిటని తల్లినీ, అత్తనూ వేర్వేరుగా అడగండి. ఆ జవాబుల్లోని మాటలతోనే పాఠం రాయండి.

అన్నింటికన్నా కష్టమైనది మెచ్చుకోవడం. "మా పిల్ల ఎంత తెలివైనదో" అని పదిమందిలో అనడానికి తల్లులు జంకుతారు, దిష్టి తగులుతుందని. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే నాయినమ్మ మరుసటి వారం రాదు. పిల్లను కాక పనిని మెచ్చుకోవడం నేర్పితే చాలు: "బిందె నిండ నీళ్లు తెచ్చినవు బిడ్డా, నాకు పని తప్పింది." మూల నైపుణ్యానికి కావలసిందీ ఇదే, ఎందుకంటే ఏ పని నచ్చిందో పిల్లకు స్పష్టంగా తెలుస్తుంది. మంచి పని చేసిన రోజున గుర్తు పెట్టే చుక్కల పట్టిక కోసం కొత్త కాగితం అక్కరలేదు. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్‌లోనే ఆ రోజు గడిలో పిల్ల చేత గుర్తు పెట్టించవచ్చు.

అల్లరి చేసిన పిల్లవాడిని కాసేపు వేరే గదిలో కూర్చోబెట్టాలనే పాఠం ఒకే గది ఉన్న ఇంట్లో సాగదు. అరుగు చివరో, అందరికీ కనిపించే గోడ పక్కనో చోటు ముందే నిర్ణయించి, ఆ కొద్ది నిమిషాలు ఎవరూ మాట్లాడించకూడదని ఇంటిల్లిపాదితో ఒప్పందం చేసుకోవాలి. నాయినమ్మ జాలిపడి ఒళ్లోకి తీసుకుంటే తప్పు ఆమెది కాదు, ఆమెను తరగతికి పిలవని మనది.

తరగతి వేళను బీడీలు కార్ఖానాకు అప్పగించే సమయం తప్పించి పెట్టండి, చాటలు వెంట తెచ్చుకోనివ్వండి. తునికాకు చుడుతూనే వాళ్లు ఎక్కువ మాట్లాడతారు.

తండ్రిని వదిలేయకూడదు. సౌదీలో రాత్రి ఎనిమిదైతే ఇక్కడ పదిన్నర, పిల్లలు నిద్రలో ఉంటారు. అందుకే శుక్రవారం సెలవున్న తండ్రికి ఆ పగలు వీడియో కాల్ పెట్టించి, ఆ వారం క్యాలెండర్‌లోని గుర్తులను పిల్లల చేతే చూపించాలి. ఛుట్టీకి వచ్చినప్పుడు పిల్లలు అడిగినవన్నీ ఆయన కొనిపెడితే, లేదా ఏడాది కోపమంతా ఒక్కసారే చూపితే, తల్లి నిలబెట్టిన క్రమం చెదిరిపోతుంది. కాబట్టి టికెట్ ఖాయమైన వారమే హద్దుల పాఠాన్ని ఆయనతో ఫోన్‌లో పూర్తి చేయండి.