లాప్‌టాప్ హింజ్ విరిగిందా? అతికించే ముందు అది ఎందుకు బిగుసుకుందో చూడండి

మూత తెరుస్తుంటే టక్కుమని చప్పుడొచ్చి, వెనకవైపు ఒక మూల విచ్చుకుని లోపలి లోహం కనిపిస్తోందంటే ఇక ఆ మూతని ముయ్యొద్దు. "ఒక్కసారి మూసి బ్యాగులో పెట్టుకుని షాపుకి తీసుకెళ్తా" అనుకుంటాం కానీ ఎక్కువ నష్టం జరిగేది ఆ ఒక్కసారికే. స్క్రీన్‌కి సిగ్నల్ తీసుకెళ్ళే సన్నటి కేబుల్, చాలా మోడళ్ళలో వైఫై యాంటెనా వైర్లు కూడా, సరిగ్గా ఆ హింజ్ (మూతని కింది భాగానికి కలిపే కీలు) పక్కనుంచే పైకి వెళ్తాయి. ఇప్పుడు చిన్న ప్లాస్టిక్ ముక్కతో పోయేది, మూసి తెరిచేసరికి కేబుల్ తెగడం దాకానో, స్క్రీన్ మూల పగలడం దాకానో వెళ్తుంది.

కాబట్టి పని చేసుకోవడానికి వీలైన కోణంలో మూతని అలాగే వదిలేసి, వెనక గోడకో లావుపాటి పుస్తకాలకో ఆనించండి, ముఖ్యమైన ఫైళ్ళన్నీ ఇంకో చోటికి కాపీ చేసుకోండి. ఇప్పటికే మూసి ఉండి తెరుచుకోవడం లేదంటే బలం పెట్టకండి. హెచ్‌డీఎంఐ లేదా యూఎస్‌బీ-సీ ద్వారా వేరే మానిటర్ తగిలించి, బయటి కీబోర్డు, మౌస్ పెట్టుకుంటే చాలావరకు మూత తెరవకుండానే పని జరిగిపోతుంది. విండోస్‌లో అయితే పవర్ సెట్టింగుల్లో మూత మూసినప్పుడు ఏమీ చేయొద్దు అనే ఆప్షన్ పెట్టుకోవాలి, లేకపోతే మూత మూసి ఉన్నప్పుడు లాప్‌టాప్ నిద్రలోకి పోవచ్చు.

ఇంకో విషయం కూడా ఇప్పుడే చూసేయండి. విచ్చుకున్నది హింజ్ దగ్గరేనా, లేక టచ్‌ప్యాడ్ పైకి లేచి, అడుగు భాగం ఉబ్బి, టేబుల్ మీద పెడితే లాప్‌టాప్ ఊగుతోందా? అలా ఉంటే అది బ్యాటరీ ఉబ్బడం, హింజ్ సమస్య కాదు. ఛార్జింగ్ తీసేసి, ఆఫ్ చేసి, నొక్కకుండా, గుచ్చకుండా సర్వీసుకి ఇచ్చేయండి. ఉబ్బిన బ్యాటరీ మీద స్క్రూలు బిగించి మూత సరిచేద్దామని చూడటం నిప్పుతో చెలగాటం.

అసలు విరిగేది ఏది

హింజ్ విరిగిందని అందరం అంటాం కానీ, విప్పి చూస్తే చాలాసార్లు హింజ్ శుభ్రంగా ఉంటుంది. అది ఉక్కుది. విరిగేది దాన్ని బిగించిన చోటు. స్క్రీన్ ఏ కోణంలో ఆపితే ఆ కోణంలో నిలబడాలి కదా, అందుకని హింజ్‌లో ఒక షాఫ్ట్ చుట్టూ స్ప్రింగ్ వాషర్లో, గట్టిగా చుట్టుకున్న లోహపు పట్టీయో ఉండి రాపిడితో పట్టుకుంటుంది. మధ్యలో గ్రీజు ఉంటుంది. కాలం గడిచేకొద్దీ ఆ గ్రీజు ఎండుతుంది, దుమ్ము చేరుతుంది, తేమ ఉన్న చోట తుప్పు కూడా పడుతుంది, దాంతో హింజ్ బిగుసుకుపోతుంది. మనమేమో మూతని అదే ఊపుతో తెరుస్తాం. ఆ బలం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, హింజ్ తిరగనంటుంది కాబట్టి అది కాస్తా హింజ్‌ని పట్టుకున్న స్క్రూల మీదా, ఆ స్క్రూలు దిగిన ఇత్తడి నట్ల మీదా, ఆ నట్లని వేడితో నొక్కి కూర్చోబెట్టిన ప్లాస్టిక్ గుబ్బల మీదా పడుతుంది. అన్నిటికన్నా బలహీనమైనది ప్లాస్టిక్, అదే ఊడుతుంది.

ఇది అర్థమైతే రిపేరు సగం అయినట్టే. ఊడిన గుబ్బని ఎంత గట్టి జిగురుతో అతికించినా హింజ్ బిగుతు తగ్గించకపోతే అది మళ్ళీ ఊడుతుంది. ఈసారి పక్కనున్న ప్లాస్టిక్‌ని కూడా పట్టుకుని మరీ ఊడుతుంది. నెట్‌లో కనిపించే సగం వీడియోలు జిగురు రాయడం దగ్గరే ఆగిపోతాయి, అందుకే వాటి కింద "కొన్నాళ్ళకే మళ్ళీ పోయింది" అనే మాటలు అన్ని కనిపిస్తాయి.

ఖరీదైన లాప్‌టాప్ కదా, అల్యూమినియం బాడీ కదా, మరి ఇదెలా జరుగుతుంది అంటారేమో. బయట కనిపించే లోహం వేరు, లోపల హింజ్ దిగే చోటు వేరు. కొన్నిటిలో పైన అల్యూమినియం రేకు, లోపల ప్లాస్టిక్ ఫ్రేమే ఉంటుంది. ఇంకొన్ని సన్నటి మోడళ్ళలో మూత లోపల హింజ్ బ్రాకెట్‌కి స్క్రూలే ఉండవు, జిగురుతో అతికించేస్తారు, అది ఊడితే స్క్రీన్ ఒక పక్కనుంచి విడిపోతుంది. మొత్తం ఒకే లోహపు దిమ్మలోంచి చెక్కిన వాటిలో మాత్రం విరగడం తక్కువ, స్క్రూలు వదులై మూత ఊగడం ఎక్కువ. సన్నగా ఉండాలన్న పోటీలో ఈ చిన్న భాగం మీద ఎంత ప్రయోగం జరిగిందంటే, లెనోవో 2014లో తెచ్చిన యోగా 3 ప్రోలో గడియారం గొలుసులాంటి హింజ్ పెట్టింది, ఒక్క దానిలోనే 813 ముక్కలు. చూడ్డానికి అద్భుతం, విప్పాలంటే మాత్రం దండం. దీనికి పూర్తిగా అటు చివర ఫ్రేమ్‌వర్క్ సంస్థ ఉంది, వాళ్ళు హింజుల్ని వేర్వేరు బిగుతుల్లో విడిగా అమ్ముతారు, మీకు వదులుగా ఉంటే గట్టివి తెచ్చుకుని మీరే మార్చుకోవచ్చు. అందరూ అలా చేస్తే ఈ వ్యాసం రాయాల్సిన పనే ఉండేది కాదు.

వారంటీ ఉంటే స్క్రూడ్రైవర్ పట్టుకోకండి

వారంటీలో ఉన్నా, ఈమధ్యే ముగిసినా ముందు కంపెనీనే అడగండి. చాలాచోట్ల మొదట వచ్చే జవాబు "ఇది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలో రాదు" అనే. అక్కడితో ఫోన్ పెట్టేయొద్దు. కింద పడితే మూలల్లో సొట్టలు, గీతలు ఉంటాయి. హింజ్ బిగుసుకుని విరిగితే బయట ఏ దెబ్బా ఉండదు, పగులు హింజ్ దగ్గరే మొదలవుతుంది. కాబట్టి నాలుగు మూలలూ, విచ్చుకున్న చోటూ, సీరియల్ నంబరూ కనిపించేలా వెలుతురులో ఫొటోలు తీసి, మామూలుగా మూత తెరుస్తుంటే విరిగిందనీ, పడలేదనీ రాతపూర్వకంగా పంపండి. కుదరదంటే ఆ మాట కూడా రాసివ్వమని అడిగి, పై స్థాయికి పంపమనండి. యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా కొని ఉంటే దాన్నీ ఒకసారి తీసి చూడండి, కొన్నామన్న సంగతే చాలామంది మర్చిపోతారు.

మీ మోడల్ పేరు, హింజ్ అన్న మాట కలిపి వెతకడం కూడా పనికొస్తుంది, ఒకే లోపం చాలామందికి వస్తే కంపెనీలు ఒక్కోసారి ఉచిత రిపేరు ప్రకటిస్తాయి. 2016లో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో హింజ్ దగ్గర మడతపడే స్క్రీన్ కేబుల్ అరిగి, స్క్రీన్ అడుగున నాటకం స్టేజీ లైట్లలాగా వెలుగు మచ్చలు వచ్చేవి. యాపిల్ 2019 మేలో దానికి ఉచిత సర్వీస్ కార్యక్రమం పెట్టింది. అక్కడ హింజ్ బాగానే ఉంది, పోయింది కేబులే. మీకూ ఒక కోణంలో బొమ్మ బాగా వచ్చి, ఇంకో కోణంలో మిణుకుమిణుకుమంటుంటే హింజ్ కాకుండా కేబుల్ని అనుమానించండి.

మీరే విప్పుతానంటే

అడుగు మూత విప్పడానికి మోడల్‌ని బట్టి చిన్న స్టార్ స్క్రూడ్రైవరో, టార్క్స్ టీ5 బిట్టో, మ్యాక్‌బుక్ అయితే ఐదు రేకుల పెంటలోబ్ బిట్టో కావాలి. అంచులు విడదీయడానికి ప్లాస్టిక్ కార్డు ఒకటి, తుడవడానికి ఐసోప్రొపిల్ ఆల్కహాల్, సాండ్‌పేపర్, రెండు ట్యూబులూ కలిపి వాడే ఎపాక్సీ జిగురు దగ్గర పెట్టుకోండి. పూర్తిగా ఆఫ్ చేసి, అడుగు తీయగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. ఇది తప్పనిసరి. కరెంటు ఉండగా స్క్రీన్ కేబుల్ కదిపితే బ్యాక్‌లైట్ ఫ్యూజ్ పోయే అవకాశం ఉంది, అప్పుడు హింజ్ రిపేరు కాస్తా బోర్డు రిపేరు అవుతుంది. స్క్రూలని ఒక కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి ఎక్కడివి అక్కడ టేపుతో అంటించండి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి కానీ పొడవులు వేరు, పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే అవతలి పక్క బోర్డుకో, కీబోర్డుకో గుచ్చుకుంటుంది.

రిపేరు చేసేవాళ్ళు లాప్‌టాప్ బాడీని ఏ, బి, సి, డి ప్యానెళ్ళు అంటారు. మూత వెనక భాగం ఏ, స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేమ్ బి, కీబోర్డు చుట్టూ ఉండేది సి, అడుగు డి. ఊడింది మూత వైపు ఉండే 'ఏ' ప్యానెల్లోనా, కీబోర్డు వైపు ఉండే 'సి' ప్యానెల్లోనా అని ముందు తేల్చుకోండి, ఎందుకంటే కొత్త ప్యానెల్ కొనాల్సి వస్తే ఈ అక్షరం తోనే అడగాలి.

ఇప్పుడు అసలు పని. హింజ్ స్క్రూలు విప్పి, దాన్ని విడిగా చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. రెండు హింజులూ దాదాపు ఒకే బిగుతుతో తిరగాలి. ఒకటి అస్సలు కదలక, కటింగ్ ప్లేయర్ పెడితేగానీ తిరగకపోతే దొంగ దొరికినట్టే. షాఫ్ట్ చివర నట్ ఉందేమో చూడండి. ఉంటే మార్కర్‌తో దాని ఇప్పటి స్థానానికి గుర్తు పెట్టుకుని, పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ, ప్రతిసారీ తిప్పి చూస్తూ పోండి. మరీ వదిలేస్తే స్క్రీన్ తనంతట తనే వాలిపోతుంది. పాత గ్రీజు తుడిచేసి కొంచెం సిలికాన్ గ్రీజు రాయొచ్చు, తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం వద్దు, అవి ఎండిపోయాక హింజ్ ఇంకా అధ్వానం అవుతుంది, పైగా స్ప్రే ఎక్కడెక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు. నట్ లేకుండా నొక్కి మూసేసిన రకం అయితే సరిచేయడానికి ఏమీ లేదు, కొత్త జత కొనడమే. ఒక్కటే కాదు, ఎడమ కుడి రెండూ కొనండి, కొత్తది ఒకవైపు, అలిసిపోయింది ఇంకోవైపు ఉంటే మూత మెలితిరుగుతుంది. టచ్ స్క్రీన్ మోడళ్ళకి, మామూలు వాటికి హింజులు వేరుగా ఉండొచ్చు, టచ్ గాజు బరువు ఎక్కువ. అందుకే మోడల్ పేరు కాకుండా పాత హింజ్ మీదో, కంపెనీ సర్వీస్ మాన్యువల్లోనో ఉన్న పార్ట్ నంబర్ చూసి కొనాలి.

ఊడిన ఇత్తడి నట్లని తిరిగి కూర్చోబెట్టడానికి సూపర్‌గ్లూ వాడకండి. అది పెళుసు, ఇలాంటి తిప్పుడు బలానికి పుటుక్కున విడిపోతుంది, నీళ్ళలా జారి హింజ్‌లోకో కీబోర్డులోకో పోతుంది. ఎపాక్సీయే మేలు. ప్లాస్టిక్‌ని సాండ్‌పేపర్‌తో గరుకు చేసి, ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనివ్వండి. నట్లని ముందు హింజ్‌కే స్క్రూలతో బిగించి, అంటే అన్నీ వాటి వాటి చోట నిలబడ్డాక, నట్ల చుట్టూ వెడల్పుగా ఎపాక్సీ పెట్టి ప్యానెల్ మీద కూర్చోబెట్టండి. స్క్రూ మరలకి కాస్త గ్రీజు రాస్తే అది ఎపాక్సీలో ఇరుక్కుపోదు, అయితే ఆ గ్రీజు ప్లాస్టిక్‌కి అంటకూడదు. జిగురు పైకి పొంగి మూత మూసుకోకుండా అడ్డుపడుతుందేమో కూడా తడిగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఆ తర్వాత రోజంతా ముట్టుకోవద్దు. ఐదు నిమిషాల ఎపాక్సీ అని ట్యూబు మీద రాసి ఉన్నా సరే, అది గట్టిపడే టైమే, పూర్తి బలం వచ్చే టైము కాదు.

గుబ్బతో పాటు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కూడా పొడిపొడిగా రాలిపోతే ఎపాక్సీతో కుస్తీ పట్టడం దండగ, ప్యానెల్ మార్చేయండి. కొందరు మూత బయటికంటా రంధ్రం వేసి బోల్టు బిగిస్తారు. గట్టిగానే ఉంటుంది, కానీ స్క్రీన్‌కి గుచ్చుకోకుండా కొలుచుకుని వేయాలి, బయటికి బోల్టు తల కనిపిస్తుంది. మంచి లాప్‌టాప్‌కి నేనైతే ఆ పని చేయను.

లోహపు బాడీలో స్క్రూలు వదులైన కేసు తేలిక. బిగించి, మళ్ళీ వదులు కాకుండా నీలంరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ మరలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క వేస్తే చాలు. లోహంలోకి దిగే స్క్రూలకి మాత్రమే సుమా, థ్రెడ్‌లాకర్ తగిలితే కొన్ని రకాల ప్లాస్టిక్ పగుళ్ళు పడుతుంది.

చేయి పెట్టకూడనిది ఎప్పుడు

అంచుదాకా గాజు ఉండి, స్క్రీన్ మూతకి జిగురుతో అతికి ఉన్న మోడళ్ళలో బ్రాకెట్ ఊడితే, దాన్ని చేరాలంటే వేడిచేసి గాజు లేపాలి. ఓలెడ్ ప్యానెల్ అయితే మరీ సున్నితం. అక్కడ ఆగిపోయి, మూత మొత్తం స్క్రీన్‌తో సహా ఒకే భాగంగా మార్చడమే సరైన దారి. మ్యాక్‌బుక్‌లలో ఎలాగూ అలాగే మారుస్తారు, 2021 నుంచి వచ్చిన 14, 16 అంగుళాల ప్రోలలో అయితే మూత కోణం పసిగట్టే సెన్సర్‌ని మార్చాక యాపిల్ సాఫ్ట్‌వేర్‌తో కాలిబ్రేట్ చేయాలి కూడా. బయట షాపులో ఇస్తుంటే "హింజ్ మారుస్తారా, ప్యానెల్ అతికిస్తారా, బిగుతు సరిచేస్తారా" అని మూడూ విడివిడిగా అడగండి. మూడో ప్రశ్నకి అయోమయంగా చూస్తే ఇంకో షాపు చూసుకోండి.

రిపేరయ్యాక మూతని మూల పట్టుకుని లేపడం మానేసి మధ్యలో పట్టుకుని తెరవండి, మూల లాగితే బలమంతా ఒక్క హింజ్ మీదే పడుతుంది. తెరిచేటప్పుడు కింది భాగం కూడా పైకి లేస్తోందంటే హింజ్ ఇంకా బిగుతుగానే ఉన్నట్టు.

ఏదీ కుదరక, పాతబడిన లాప్‌టాప్‌కి ఇంత ఖర్చెందుకు అనిపిస్తే మూత పూర్తిగా ఊడదీసేసి మానిటర్‌కి తగిలించి డెస్క్‌టాప్‌లా వాడుకోవచ్చు. అలా చేసేటప్పుడు వైఫై యాంటెనాలు ఎక్కడున్నాయో చూసుకోండి, చాలా మోడళ్ళలో అవి మూతలోనే ఉంటాయి కాబట్టి సిగ్నల్ పడిపోతుంది. చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టరో, నెట్‌వర్క్ కేబులో పెట్టుకుంటే సరిపోతుంది.