కంచె వెనుక జంతువును ఫొటో తీయడం – మూడో పాఠం: తీగ కనుమరుగు కావాలంటే

అపర్చర్ సంఖ్య తగ్గేకొద్దీ లెన్స్ ద్వారం పెద్దదవుతుందని, ఫొటోలో స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుందని గత పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠమంతా దాని మీదే నిలబడుతుంది. గుంటూరు, విజయవాడల్లో ఉన్న మనం పెద్ద జూ చూడాలంటే విశాఖపట్నంలోని ఇందిరా గాంధీ జూపార్కుకో, హైదరాబాదులోని నెహ్రూ జూపార్కుకో వెళ్లాలి. అంత దూరం వెళ్లి, పులి ముఖం మీద అడ్డగీతలున్న ఫొటోలతో తిరిగి రాకూడదంటే ముందు ఇంటి దగ్గరే చెయ్యి తిరగాలి.

తీగ ఎందుకు మాయమవుతుందో ఒక లెక్కతో చూద్దాం. దూరపు వస్తువును లెన్స్ ఎంత పెద్దగా చూపుతుందో చెప్పే కొలత ఫోకల్ లెంగ్త్; దాన్ని అపర్చర్ సంఖ్యతో భాగిస్తే ద్వారం వ్యాసం వస్తుంది. 250 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌లో అపర్చర్ ఎఫ్/5.6 (అంటే అపర్చర్ సంఖ్య 5.6) పెడితే లెన్స్ ద్వారం వ్యాసం సుమారు 45 మి.మీ. ఉంటుంది. లెన్స్‌ను 3 మి.మీ. మందమున్న తీగకు ఆనించినప్పుడు, ఆ తీగ ద్వారం మధ్యగా అడ్డుపడినా ఆపేది వెలుగులో పన్నెండో వంతే; మిగిలిన వెలుగంతా తీగకు ఇరువైపుల నుంచి లోపలికి వస్తుంది కనుక జంతువు బొమ్మ చెదరదు. అదే లెన్స్‌లో ఎఫ్/22 పెడితే ద్వారం 11 మి.మీ.కు కుంచించుకుపోతుంది, ఆ తీగే దాదాపు మూడో వంతు వెలుగును ఆపేస్తుంది, ఫొటోలో నల్లటి చారగా మిగులుతుంది. అందుకే ఎక్కువ ఫోకల్ లెంగ్త్, తక్కువ అపర్చర్ సంఖ్య, కంచెకు దగ్గరగా లెన్స్, కంచెకు దూరంగా జంతువు అనే నాలుగూ కలిసి రావాలి. వీటిలో చివరిది మన చేతిలో ఉండదు.

ఆ చివరిదాని విలువ నాకు తెలిసింది గుంటూరులో మా పెరటి కోళ్ల దొడ్డి దగ్గర. జాలీకి ఆనుకుని నిలబడిన పుంజును ఎన్ని విధాలుగా తీసినా, దాని ఎర్రటి జుట్టు మీద ఆరు మూలల గళ్లు అలాగే పడ్డాయి. గింజలు చల్లగానే అది వెనుక గోడ దాకా వెళ్లింది. అక్కడ తలెత్తి నా వైపు చూసినప్పుడు తీసిన ఫొటోలో జాలీ ఆనవాలు లేదు, కంటి చుట్టూ ఉన్న ముడతలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. జూలో ఇలా మేత వేసి పిలవడానికి వీల్లేదు. జంతువులకు తిండి పెట్టడం, వాటిని కవ్వించడం, శబ్దాలతో కలవరపెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం. అక్కడ మనకున్న దారి ఓపికగా నిలబడడమే, నిజానికి ఈ విద్యలో సగం అదే.

చాలాచోట్ల కంచెకు ముందు సందర్శకులను ఆపే మరో అడ్డు ఉంటుంది. దాన్ని దాటి చేతులు చాచవద్దు, పిల్లలను ఎక్కించవద్దు. లెన్స్‌ను ఆనించలేకపోతే, మనకూ కంచెకూ ఉన్న దూరానికి కనీసం రెండు మూడు రెట్ల దూరం జంతువు లోపలికి వెళ్లేదాకా ఆగండి.

ఇక ఎండ. మన కోస్తా ఎండ నేరుగా పడితే తీగ తళతళ మెరుస్తుంది, ఆ మెరుపు కరిగి ఫొటో అంతటా తెల్లటి పొగలా పరుచుకుంటుంది. తీగ కనిపించదు కానీ పులి చారల నలుపు వెలిసిపోతుంది. కాబట్టి కంచె మీద చెట్టునీడ పడిన చోటును వెతకండి, లేదా పక్కనున్నవారిని గొడుగుతో ఆ భాగానికి నీడ పట్టమనండి. నల్ల రంగు వేసిన తీగ ఈ విషయంలో చాలా నయం.

ఆటోఫోకస్ తరచుగా తీగనే పట్టుకుంటుంది. ఫోకస్ బిందువును ఒక్కదానికి పరిమితం చేసి, గళ్ల సందులో కనిపించే కంటి మీద పెట్టండి. అప్పటికీ కుదరకపోతే లెన్స్ మీది ఫోకస్ రింగును చేత్తో తిప్పి సరిచేసుకోండి. ఫోన్ వాడేవారికి పని తేలిక: దాని లెన్స్ గడి కంటే చిన్నది కనుక, కంచెను తాకే వీలున్న చోట లెన్స్‌ను సరిగ్గా గడి నడుమకు తెస్తే చాలు.

ఈ వారం అభ్యాసం: బాల్కనీకి కట్టిన పావురాల వల గుండా ఎదుటి ట్యాంకు మీది కాకిని ఎఫ్/5.6తో ఒకసారి, ఎఫ్/16తో ఒకసారి, వలకు ఆనించి, ఆపై మూడడుగులు వెనక్కి జరిగి, మొత్తం నాలుగు ఫొటోలు తీయండి. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, వల ఎక్కడ తేలిందో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో పాముల గదుల అద్దం మీద మన ప్రతిబింబం పడకుండా తీయడం మొదలుపెట్టేటప్పుడు ఆ కాగితం అవసరమవుతుంది.