ఇద్దరి పెన్షన్ లెక్క, 4వ పాఠం: 58 దాటాక ఆగాలా?

కిందటి పాఠంలో ఒక్క మాట రాసి ఇరుక్కుపోయాను. ఈపీఎస్ 95 పెన్షన్, అంటే పీఎఫ్ ఉన్న ఉద్యోగులకు నెలనెలా వచ్చే పెన్షన్, 58 ఏళ్లకి తీసుకోకుండా ఆగితే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది, 60 దాకా ఆగొచ్చు అన్నానా, కావలి నుంచి చీమకుర్తి దాకా అందరిదీ ఒకటే జవాబు: "అయితే ఆగుతాం మాస్టారూ." మీరు పంపిన లెక్కలన్నీ చూశా. కూడికల్లో తప్పు లేదు. భార్య మాత్రం ఒక్క లెక్కలోనూ లేదు.

58కి 3000 వచ్చే మనిషిని తీసుకుందాం. ఆ 3000 ఎట్లా వచ్చిందో మొదటి పాఠంలో ఉంది, మళ్లీ చెప్పను. 59కి 3120, 60కి 3245. నెలకు 245 ఎక్కువ, సరే. ఆ రెండేళ్లూ చేతికి రాని 72,000 మాటేంది? నెలకు 245 చొప్పున అది తిరిగి రావడానికి 294 నెలలు కావాలి. అప్పటికి ఆయనకు ఎనభై నాలుగున్నర.

ఇప్పుడు ఇంటావిడను లెక్కలోకి తెద్దాం. ఆయన 78లో పోయాడనుకోండి. అప్పటికి తిరిగొచ్చింది 52,920, ఇంకా రావాల్సింది 19,080. ఆయన తర్వాత ఆమెకు వచ్చేది సగం పెన్షనే కదా, పెరిగిన 245లోనూ సగమే, నూటఇరవై రెండున్నర. అంటే ఇంకో 13 ఏళ్లు. ఆయనకంటే ఐదేళ్లు చిన్నదైతే ఆమెకు 86 నిండాలి. పైగా ఈ పెన్షన్‌కు కరువు భత్యం లేదు. 86లో ఆ నూటఇరవైకి ఏమొస్తుందో మీరే చెప్పండి.

ఆయన పెన్షన్ 1800 అయితే ఆగడం ఇంకా దండగ. 60 దాకా ఆగినా 1947, సగం 973. భార్యకు ఎట్లాగూ కనీసం 1000 ఇస్తారు. ఆయన ఆగినందుకు ఆమెకు ఒక్క రూపాయి కలవదు.

నేనైతే ఉద్యోగం లేకుండా ఖాళీగా ఉండి ఆగమని ఎవరికీ చెప్పను. 58 దాటాక కూడా పని చేస్తూ పెన్షన్ చందా కట్టేవాళ్ల లెక్క వేరు, అది వచ్చే పాఠం.

ముందే తీసుకోవడం గురించి ఒక మాట. మా తోడల్లుడు పని మానేసి 56కే తీసుకున్నాడు, 3000కు 8 శాతం కోసి 2760 ఇచ్చారు. 58 నిండిన నెల బ్యాంకులో పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుని, అక్కడే నిలబడి రెండుసార్లు చూసుకున్నాడట. అదే 2760. కోత ఒకసారి పడితే పోదు, రేపు మా మరదలికి వచ్చేది కూడా ఆ 2760లో సగమే.

అభ్యాసం: మీ పెన్షన్ అంకెతో మూడు లెక్కలు వేయండి, భర్త 65లో, 75లో, 85లో పోతే అని. మూడింటికీ పక్కన భార్య వయసు రాయాలి. అది లేని కాగితం నేను దిద్దను.