డమ్మీ పడకముందే దూకేస్తోందా? రిట్రీవర్ శిక్షణలో వచ్చే తంటాలు, వాటి మందు

ఒడిశా సరిహద్దు ఊరు మా పర్లాకిమిడిలో ఇప్పుడు వీధికో లాబ్రడార్ కనిపిస్తుంది. గేటు దగ్గర కట్టేసి, పెరుగన్నం పెట్టి లావెక్కించేవాళ్ళే ఎక్కువ. దానితో పని చేయించే పిచ్చి మా నలుగురికే ఉంది. ఆదివారం తెల్లారేసరికి మహేంద్రతనయ ఏటి ఒడ్డున కోసిన మడుల్లో చేరతాం. మేం చేసేది వేట కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా అడవి పిట్టను కొట్టే మాటే లేదు. గుడ్డతో కుట్టిన డమ్మీని ఒకరు విసురుతారు, కుక్క వెళ్ళి తెస్తుంది. అంతే మా ఆట.

ఈ ఆటకు మూలం ఫీల్డ్ ట్రయల్, అంటే లాబ్రడార్ లాంటి రిట్రీవర్లకు (కొట్టిన పక్షిని తెచ్చిచ్చే కుక్కలకు) పెట్టే పోటీ. బ్రిటన్‌లో అది నిజమైన వేట రోజే. తుపాకులు పేలుతుంటాయి, ఫెజెంట్లు (కోడిజాతి వేట పక్షులు) పడుతుంటాయి. కుక్కలు మెడపట్టీ కూడా లేకుండా వరసలో కూర్చుని, జడ్జి ఎవరి పేరు చెబితే అది మాత్రమే కదలాలి. అమెరికాలో రిట్రీవర్ల ట్రయల్స్ 1931లో మొదలయ్యాయి. అక్కడ అన్ని కుక్కలకూ ఒకే పరీక్ష పెడతారు: రెండు మూడు పక్షులు ఎక్కడెక్కడ పడ్డాయో గుర్తుపెట్టుకుని ఒక్కొక్కటే తేవాలి. దాన్ని మార్క్ అంటారు. అసలు చూడనిదాన్ని మన చేతి సైగతో వెళ్ళి తెస్తే అది బ్లైండ్. మేం బ్రిటన్, అమెరికా పద్ధతులు రెండింట్లోనూ నచ్చిన ముక్కలు తీసుకుని డమ్మీలతో సరిపెట్టుకుంటున్నాం.

ఒక మాట ముందే చెప్పేస్తాను. పొలంలో బయటపడే తప్పుకు విత్తనం చాలాసార్లు ఇంటి పెరట్లోనే పడి ఉంటుంది. అందుకే కింద "కారణం" అన్నచోట కుక్క కంటే మనుషులే ఎక్కువ కనిపిస్తారు.

లక్షణం: చెప్పకముందే దూకేస్తుంది

డమ్మీ ఇంకా గాల్లో ఉండగానే కుక్క సగం మడి దాటేస్తుంది. చూసేవాళ్ళు "అబ్బ, ఎంత హుషారో!" అంటారు. బ్రిటిష్ ట్రయల్‌లో అయితే అక్కడితో ఇంటికి పంపేస్తారు. తుపాకుల మధ్యకు చెప్పకుండా పరిగెత్తే కుక్క ప్రమాదం, పక్క కుక్క పనీ చెడుతుంది.

కారణం: మనం విసిరిన ప్రతిసారీ దానికి తెచ్చే అవకాశం ఇచ్చాం. "విసిరారంటే నాదే" అని అది నేర్చుకుంది. సాయంత్రం పిల్లలు డాబా మీద బంతి విసిరి ఆడించడం దీనికి అసలు ఎరువు. మా ఇంట్లో ఏడాదిపాటు జరిగింది అదే. ఆదివారం నేను కూర్చోమంటాను, మిగతా ఆరు రోజులూ మా వాడు పరుగెత్తమంటాడు. ఆరు గెలుస్తుందా, ఒకటి గెలుస్తుందా?

మందు: ముందు బంతి ఆట మానాలి. ఇంట్లో గొడవ అవుతుంది, తప్పదు. తర్వాత పది డమ్మీలు విసిరితే ఏడు మీరే నడిచి వెళ్ళి తెచ్చుకోండి. కుక్క కూర్చుని చూడాలి. మీకు నడుం నొప్పి వస్తుంది, దానికి ఓపిక వస్తుంది. మిగిలిన మూడింటికీ డమ్మీ పడగానే పంపొద్దు. మనసులో ఐదు లెక్కపెట్టండి, ఇంకోసారి పదిహేను, మరోసారి పక్కవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి అప్పుడు పంపండి. ఎప్పుడు పంపుతారో దానికి లెక్క అందకూడదు. మొదటి నెల మెడపట్టీలోంచి సన్నని తాడు దూర్చి రెండు కొసలూ చేతిలో పెట్టుకోండి. దూకబోతే ఆగిపోతుంది, పంపాలంటే ఒక కొస వదిలితే చాలు. తాడు లాగి కొట్టడం, తిట్టడం అక్కర్లేదు. తొందరపడితే డమ్మీ దక్కలేదన్నదే దానికి పెద్ద శిక్ష.

ఒంటరిగా ఉన్నప్పుడు బుద్ధిగా కూర్చున్న కుక్క పక్కన ఇంకో కుక్క పరిగెత్తితే మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి ఈ సాధన జంటగా చెయ్యాలి. మేం నలుగురం కలవడానికి అసలు కారణం ఇదే, టిఫిన్ రెండో కారణం.

లక్షణం: తెస్తుంది గానీ చేతికివ్వదు

మీ చుట్టూ తిరుగుతుంది, రెండు గజాల అవతల పడేస్తుంది, లేదా నోట పట్టుకుని పారిపోతుంది.

కారణం: కుక్కపిల్లగా ఉన్నప్పుడు అది చెప్పు నోట కరుచుకొస్తే ఇంటిల్లిపాదీ వెంటపడి లాక్కున్నారు. నోట్లో ఏదైనా ఉంటే మనుషులు లాక్కుంటారన్నది దాని అనుభవం. ఇప్పుడు మీరు చెయ్యి చాచి ముందుకు వంగితే దానికి గుర్తొచ్చేది ఆ చెప్పే.

మందు: అది వస్తున్నప్పుడు మీరు వెనక్కి నడవండి, లేదా పక్కకు తిరిగి మోకాళ్ళ మీద కూర్చోండి. దగ్గరికి రాగానే డమ్మీ ముట్టుకోకుండా మెడ కింద, ఛాతీ మీద నిమరండి. కాసేపు పట్టుకోనివ్వండి. తర్వాత గడ్డం కింద చెయ్యి పెట్టి "ఇవ్వు" అనండి. రెండు ఇళ్ళ మధ్య సందులో ఈ సాధన చేస్తే పక్కలకు పోయే దారి ఉండదు. ఇక చెప్పు తెచ్చినా మెచ్చుకుని తీసుకోవాలి. కష్టమే, కొత్త చెప్పులైతే మరీను.

నీళ్ళలోంచి తెచ్చినప్పుడు పడేసే కుక్కది వేరే సంగతి. గట్టెక్కగానే ఒళ్ళు దులుపుకోవాలి, దానికోసం నోట్లోది వదిలేస్తుంది. మీరే నీటి అంచుకు వెళ్ళి, అది దులుపుకోకముందే అందుకోండి. తర్వాత వారానికి రెండడుగుల చొప్పున వెనక్కి జరగండి.

లక్షణం: డమ్మీని నమిలేస్తుంది

ట్రయల్‌లో జడ్జి పక్షిని అరచేతిలో పెట్టుకుని బొటనవేలు, వేళ్ళతో పక్కటెముకలు తడిమి చూస్తాడు. నలిగి ఉంటే, అది కుక్క పంటి పనేనని తేలితే, ఆ కుక్క పోటీలో ఉండదు. మన దగ్గర పక్షి లేదు గనక డమ్మీ గుడ్డ మీద పంటి గాట్లు చూసుకోవాలి.

నాలుగు నుంచి ఏడు నెలల మధ్య పళ్ళు మారేటప్పుడు నమిలితే కంగారు పడొద్దు, ఆ రోజుల్లో డమ్మీ పక్కన పెట్టేయండి. పెద్దయ్యాక నమిలితే తువ్వాలుతో లాగుడు ఆట ఆడించారేమో, ఒకే పూట ముప్పైసార్లు తెప్పించి విసిగించారేమో చూసుకోండి. విసుగే పెద్ద కారణం అని నా నమ్మకం. నాలుగు విసుర్లతో ఆపేయండి. డమ్మీకి మేకులు, తీగ చుట్టమనే సలహా ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. అది క్రూరం, పైగా నోటికి భయపడిన కుక్క అసలు పట్టుకోవడమే మానేస్తుంది.

డమ్మీ కొననక్కర్లేదు. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి, లోపల గుడ్డపీలికలు కూరి, రెండు కొసలూ కుట్టించండి. బయట దొరికే మామూలు డమ్మీ ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాములు ఉంటుంది. నీళ్ళకైతే మధ్యలో మూత బిగించిన ఖాళీ సీసా పెట్టండి.

లక్షణం: పడిన చోటు కనిపెట్టలేదు

ఇక్కడ నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. గడ్డిలో పోకూడదని ఎర్ర గుడ్డతో డమ్మీలు కుట్టించాను. నాకు ఫర్లాంగు దూరం నుంచి కనిపించేవి. కుక్క పక్కనుంచే వెళ్ళిపోయేది. కుక్క కంటికి నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. పచ్చగడ్డిలో ఎర్ర డమ్మీ దానికి గడ్డితో పాటే. పచ్చటి చెట్ల మీద తెల్లటి డమ్మీ, ఆకాశం మీద నల్లటిది బాగా ఆనుతుంది, నలుపు తెలుపు కలిపితే ఇంకా మేలు.

రెండోది గాలి. చిటికెడు దుమ్ము వదిలి గాలి ఎటు పోతోందో చూడండి. కొత్త కుక్కను గాలికి ఎదురుగా పంపితే డమ్మీ వాసన ముక్కుకు తగులుతుంది. మూడోది మన నోరు. అది వెతుకుతుంటే "అటు, అటు!" అని అరవకండి. పడిన చోటు చుట్టూ ముక్కు వంచి తిరుగుతుంటే పని చేస్తున్నట్టే లెక్క.

లక్షణం: దూరంలో విజిల్ వేస్తే ఆగదు, సైగ పట్టించుకోదు

సరిహద్దు ఊళ్ళలో దీనికో సొంత కారణం ఉంది: భాష. మా ఇంట్లో "రా", పక్కింట్లో ఒడియాలో "ఆసొ". మేం "కూర్చో" అంటే వాళ్ళు "బొసొ". "ఆసొ", "బొసొ" కుక్క చెవికి కవల పిల్లలు. మా జట్టులో ఒకాయన తన కుక్కకు బాస్ అని పేరు పెట్టుకున్నాడు. దూరంనుంచి "బాస్!" అని పిలిస్తే అది ఉన్నచోటే చక్కగా కూర్చునేది. ఏడు నెలలు దాని చెవుల్లో లోపముందని తిరిగాం.

మందు: దూరానికి మాట వద్దు, విజిల్ వాడండి. ఒక పొడుగు ఊదు అంటే కూర్చో. గబగబా చిన్న ఊదులు అంటే రా. గింజ లేని ప్లాస్టిక్ విజిల్ తీసుకోండి. బ్రిటన్ తయారీ ఆక్మే విజిళ్ళకు 210½, 211½ అని నంబర్లుంటాయి. పోగొట్టుకున్నా అదే నంబరు కొంటే అదే స్వరం వస్తుంది. ఆగడం ముందు అన్నం గిన్నె దగ్గర నేర్పాలి, తర్వాత పది గజాలు, తర్వాత ఇరవై. దగ్గర నూటికి నూరుసార్లు ఆగని కుక్క దూరంలో ఆగుతుందని ఆశపడటం మన అత్యాశ.

వరి పొలాల్లో ఇంకో చిక్కు, గట్టు. తిన్నగా పంపితే కుక్క గట్టు దాటకుండా గట్టు వెంబడే పోతుంది, మనం నడిచినట్టే. తిన్నని గీతకు అమెరికా ట్రయల్స్‌లో చాలా విలువ. మొదట గట్టుకు అవతల రెండడుగుల్లోనే, అది చూస్తుండగా డమ్మీ పెట్టి, ఎదురుగా నిలబడి పంపండి. అలవాటయ్యాక దూరం పెంచండి. ఏటవాలుగా దాటించడం ఆఖరున. మాకు రెండు శీతాకాలాలు పట్టింది.

మడిలో దిగేముందు రైతును అడగండి. వరి కోతకు ముందే మినుము, పెసర చల్లే ఊళ్ళివి. మనకు ఖాళీగా కనిపించేది ఖాళీ కాదు. "బావూ, అందల పెసర చల్లీసినాను, కుక్కనాపండి" అని ఒక పెద్దాయన అరిచేదాకా మాకు తెలియలేదు.

లక్షణం: కుయ్‌కుయ్ మంటుంది

వరసలో కూర్చున్నప్పుడు ఆత్రంతో మూలగడం, మొరగడం బ్రిటిష్ ట్రయల్స్‌లో పోటీ నుంచి తీసేసే తప్పు. చాలావరకు పుట్టుకతో వచ్చేది. మూలిగినప్పుడు పంపకపోవడం, మౌనంగా ఉన్నప్పుడే పంపడం తప్ప నాకు మందు దొరకలేదు. కుక్కపిల్లను కొనేటప్పుడు తల్లి నోరు ఎలాంటిదో చూసుకోండి.

లక్షణం: నీళ్ళలో దిగదు

కారణం దాదాపు ఒకటే, మొదటిసారి ఎవరో ఎత్తి చెరువులో పడేశారు. గెడ్డలో (వాగులో) మోకాలి లోతు చోట మీరు ముందు దిగండి, ఈత వచ్చిన కుక్కను తోడు తీసుకెళ్ళండి. గుర్రపుడెక్క నిండిన చెరువులోకి మాత్రం ఎంత మంచి ఈతగత్తెనైనా పంపొద్దు, కాళ్ళకు చుట్టుకుంటే పైకి రాలేదు. వానాకాలంలో వంశధార, మహేంద్రతనయ జోలికి పోవద్దు.

లక్షణం: పరిగెత్తుతూ తూలి పడిపోయింది

దీనికి శిక్షణతో పని లేదు, వెంటనే ప్రాణం చూడాలి. నాలుక వెడల్పుగా బయటికి వేలాడటం, చిగుళ్ళు ఎర్రబడటం, జొల్లు కారడం, నడక తూలడం వడదెబ్బ గుర్తులు. కుక్క మామూలు వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు. 41 దాటితే ప్రమాదం. నీడకు తెచ్చి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. స్పృహ ఉంటే కొద్దికొద్దిగా తాగనివ్వండి, బలవంతంగా నోట్లో పోయొద్దు. తడుపుతూనే డాక్టరు దగ్గరికి బయల్దేరండి. లేచి నడిచినా తీసుకెళ్ళాల్సిందే, లోపలి దెబ్బ తర్వాత బయటపడుతుంది. మార్చి నుంచి మేం ఏడున్నరకే డమ్మీలు సంచిలో వేసేస్తాం.

మరీ ఎండ లేకపోయినా, పది నిమిషాల జోరు పరుగు తర్వాత వెనక కాళ్ళు పట్టు తప్పి, కాసేపటికి మామూలైపోతే ఇంకో అనుమానం ఉంది. లాబ్రడార్లలో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఒకటి అలాగే ఉంటుంది. దానికి కారణమైన జన్యువును 2008లో గుర్తించారు, పరీక్ష ఉంది. అలాంటి కుక్కను పోటీకి తిప్పొద్దు, పిల్లల్ని తీయించొద్దు. వారాల తరబడి నీరసమైతే పిడుదుల జ్వరమేమో రక్తం చూపించండి. ఉన్నట్టుండి కుంటితే మాత్రం ముందు అరికాలు చూడండి, మన మడుల్లో చాలాసార్లు అది పల్లేరుకాయే, తీసేస్తే డాక్టరు ఫీజు మిగులుతుంది.

లక్షణం: చప్పుడుకు పారిపోతుంది

తుపాకీ చప్పుడుకు బెదిరే కుక్క ట్రయల్‌కు పనికిరాదు. దీపావళి రాత్రి పక్కన లక్ష్మీబాంబు పేలిన కుక్కపిల్లకు ఆ భయం ఏళ్ళ తరబడి ఉంటుంది. అలవాటు చెయ్యడానికి పిల్లల రీళ్ళ తుపాకీ చాలు. కుక్క అన్నం తింటున్నప్పుడు వంద గజాల అవతల ఒకరు ఒక్కసారి పేల్చాలి. తల ఎత్తి చూసి మళ్ళీ తింటే రేపు తొంభై గజాలు. తినడం ఆపితే నూట యాభైకి వెళ్ళిపోవాలి. రోజుకు ఒక్క చప్పుడే. పండగ వెళ్ళాక మా బజారులో రీళ్ళు దొరకవు. అందుకే డబ్బాలు ముందే కొని, తడి తగలకుండా, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందని అటక మీద దాచుకుంటాను.