"అంతా దేవుడే నిర్ణయిస్తే నేనెందుకు?" అని అడిగితే పాఠం ఎలా చెప్పాలి

యౌవనస్థుల బైబిల్ క్లాసు 12 ఏళ్లుగా చెబుతున్నాను. "అక్కా, అంతా దేవుడు ముందే నిర్ణయించేస్తే ఇక నేను ఎంచుకునేది ఏముంది?" అని ఎవరో ఒకరు అడగని ఏడాది లేదు. మొదట్లో, దేవుని ఎంపిక గురించి చెప్పే రోమా పత్రిక 9వ అధ్యాయం తెరిచి గంటసేపు చెప్పేదాన్ని. తలలూపి వెళ్లేవాళ్లు, వచ్చే ఆదివారం మళ్లీ అదే ప్రశ్న. ఇప్పుడు చెప్పే పద్ధతి మార్చాను. మీరూ క్లాసు చెప్పేవాళ్లయితే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు, ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి. వాక్యం చదివి తికమకపడి అడిగేవాళ్లుంటారు. చేసిన తప్పుకు "దేవుడే ఇలా రాశాడేమో" అని సాకు వెతుక్కునేవాళ్లూ ఉంటారు. ఎవరినో పోగొట్టుకుని అడుగుతున్నారా, ఆ రోజు పాఠం వద్దు. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లితో, ఇంకా కన్నీళ్లు ఆరకముందే, "ఇది దేవుని చిత్తం అమ్మా" అన్నాను. ఆమె నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర, అతణ్ని తిరిగి బ్రతికించబోతున్నానని యేసుకు తెలుసు, అయినా ఏడ్చాడు. ఆ వచనం నాకు అప్పుడు గుర్తుకు రావలసింది.

మిగతావాళ్లకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెరిపించండి. ఖైదీగా ఉన్న పౌలును రోమాకు తీసుకెళ్తున్న ఓడ, అందులో 276 మంది, రోజుల తరబడి తుఫాను. 22వ వచనంలో పౌలు అంటాడు: ఓడ పోతుంది గాని మీలో ఒక్కరి ప్రాణమూ పోదు. రాత్రి దేవదూత వచ్చి చెప్పిన మాట అది. ఇక్కడ బైబిళ్లు మూయించి అడగండి: "ఇప్పుడు ఆ ఓడలో ఎవరైనా ఏమైనా చెయ్యాలా?" అక్కర్లేదనే చాలామంది అంటారు. వాదించకుండా మళ్లీ తెరవమనండి.

పద్నాలుగో రాత్రి. నీటి లోతు కొలిస్తే 20 బారలు, కొంచెం ముందుకు పోయి కొలిస్తే 15. రాళ్లకు కొట్టుకుంటామని భయపడి ఓడ వెనక నుంచి నాలుగు లంగర్లు వేశారు. ఇంతలో ఓడవాళ్లు, ముందువైపు కూడా లంగర్లు వేస్తామన్న నెపంతో పడవ దించి పారిపోబోయారు. అప్పుడు పౌలు శతాధిపతితో (సైనికుల మీద అధికారి), సైనికులతో, వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరని చెప్పాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. పడవ కొట్టుకుపోయింది.

22, 31 వచనాలు పక్కపక్కన పెట్టి చదివించి, మీరు కాసేపు మాట్లాడకండి. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి, "మరి దేవుడు మాట ఇచ్చాడుగా, తాళ్లు ఎందుకు కొయ్యాలి?" అన్నాడు. పాఠం అక్కడ మొదలవుతుంది. నాకు అర్థమైనంతవరకు, దేవుడు ఒడ్డుకు చేరుస్తానన్నప్పుడే ఆ తాళ్లు తెగడం కూడా ఆయన ఆలోచనలో ఉంది. అయినా కోసింది సైనికులే, ఎవరూ వాళ్ల చెయ్యి పట్టుకుని కోయించలేదు.

రెండో వారం, ఇశ్రాయేలీయులను పోనివ్వనన్న ఐగుప్తు రాజు ఫరో. ఇది కష్టమైన పాఠం, దాటెయ్యొద్దు. ఎర్ర, నీలం పెన్సిళ్లు ఇవ్వండి. ఫరో తన హృదయాన్ని తానే కఠినపరచుకున్న చోట ఎరుపు: నిర్గమ 8:15, 8:32, 9:34. యెహోవా కఠినపరచిన చోట నీలం: 9:12, 10:20, 10:27. "ముందు ఫరో తానే చేసుకున్నాడు, తర్వాతే దేవుడు" అని తేల్చేయాలని అందరికీ అనిపిస్తుంది. 4:21 చదివించండి. మోషే ఇంకా ఐగుప్తు చేరకముందే, ఫరో హృదయాన్ని తాను కఠినపరుస్తానని దేవుడు చెప్పాడు. రెండు రంగులూ పేజీ మీద అలాగే ఉండనివ్వండి. ఒకదాన్ని రబ్బరుతో చెరిపే హక్కు మనకు లేదు.

ఇక "స్వేచ్ఛ" అంటే ఏమిటో అడగండి. కోరుకున్నది చేయగలగడమా, కోరికనే మార్చుకోగలగడమా? మొదటిది మనకుందని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. గొడవంతా రెండోదాని దగ్గరే. 1524లో క్రైస్తవ పండితుడు ఎరాస్మస్ మనిషి చిత్తానికి కొంత స్వేచ్ఛ ఉందని రాస్తే, పాపానికి బానిసైన చిత్తం తనంతట తాను దేవుని వైపు తిరగలేదని 1525లో సంఘ సంస్కర్త లూథర్ జవాబిచ్చాడు.

ఈ గొడవలో తర్వాత రెండు పక్షాలయ్యాయి: రక్షణ ఎవరికో దేవుడే నిర్ణయిస్తాడనే కాల్విన్ వాళ్లు, మనిషి ఎంపికకూ చోటుందనే అర్మీనియన్లు (అర్మీనియస్ అనుచరులు). కాల్విన్ వాళ్లు మనిషిని కీలుబొమ్మ చేశారనీ, అర్మీనియన్లు కృప, అంటే దేవుడు ఉచితంగా చేసే సహాయం, అక్కర్లేదంటారనీ పిల్లలు విని వస్తారు. రెండూ అన్యాయమే. దేవుని నిర్ణయం మనిషి చిత్తం మీద బలవంతం చేయదని కాల్విన్ వాళ్లదైన 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణమే అంటుంది. కృప లేకుండా మనిషి మంచి చేయలేడని 1610లో అర్మీనియస్ అనుచరులూ రాసిచ్చారు. ఆ కృపను మనిషి కాదనగలడా అన్నది వాళ్ల మధ్య ఉన్న అసలు తేడాల్లో ఒకటి. 1618-19లో డార్ట్‌లో జరిగిన సంఘ నాయకుల సభ అర్మీనియస్ అనుచరులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఇదే విషయం మీద తర్వాత ఇంగ్లండు ప్రసంగీకులు, స్నేహితులు అయిన వెస్లీ, వైట్‌ఫీల్డ్ గట్టిగా విడిపోయారు. అయినా 1770లో వైట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు స్మారక ప్రసంగం చేసింది వెస్లీయే. మా క్లాసులో వాదన వేడెక్కినప్పుడల్లా ఈ సంగతి చెబుతాను.

చివరి వారం ఫిలిప్పీ 2:12, 13 చూడకుండా అప్పజెప్పించండి. పిల్లలు 12 దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటారు. ఆగనివ్వకండి. మీ రక్షణను భయంతో, వణకుతో కొనసాగించుకోండి అన్న వెంటనే "ఎందుకనగా" అనే మాట వస్తుంది, ఆ తర్వాత మీలో ఇచ్ఛను కలిగించేవాడు దేవుడే అని. అక్కడ "అయినా" అని లేదు. ఆ ఒక్క మాట కింద గీత గీయించి, దాని గురించి ఎవరికి తోచింది వాళ్లను చెప్పనివ్వండి.