బొమ్మ గోడెక్కే ముందు

విశాఖపట్నం సిరిపురంలో ఓ చిన్న గ్యాలరీలో పదకొండేళ్లుగా బొమ్మలు తగిలించే పని నాది. మొదటిసారి ప్రదర్శన పెట్టుకునే పిల్లలు ముందురోజు సాయంత్రం డ్రిల్లు తీసుకుని వస్తారు. అలా వద్దు, కనీసం మూడు రోజులు చేతిలో ఉంచుకోండి.

వ్యానులో వచ్చిన బొమ్మల ప్యాకింగు ఆ రోజే విప్పకండి. బయటి ఉక్కలోంచి ఒక్కసారిగా ఏసీలోకి వస్తే కాగితం అలలు తిరుగుతుంది, కాన్వాసు బిగువు మారుతుంది. ఒక రోజు హాల్లోనే అలా ఉండనివ్వండి. విప్పగానే నాలుగు మూలలూ, వెనకవైపూ ఫోటోలు తీయండి. గీత ఎక్కడ పడిందన్న గొడవ వస్తే ఆ ఫోటోలే దిక్కు.

రెండో రోజు మేకుల జోలికి పోవద్దు. నేల మీద దుప్పటి మడతలు వేసి, బొమ్మల్ని గోడకు ఆనించి వరసగా పెట్టండి. నా దృష్టిలో ప్రదర్శన తయారయ్యేది ఇక్కడే. 1970ల నాటి చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగు (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు దింపి కాగితం మీద తీసే అచ్చు) పక్కన తోట వైకుంఠం వేసిన ఎర్రటి పెయింటింగు పెట్టారనుకోండి, ఆ సన్నటి గీతల్ని ఎవరూ చూడరు. కన్ను ఎరుపు మీదికే పోతుంది. మెల్లగా మాట్లాడే బొమ్మకు పక్కన ఖాళీ గోడ కావాలి. రెండు బొమ్మలు తగ్గించమంటే ఆర్టిస్టు బాధపడతారు, అయినా తగ్గించండి. గుమ్మం దగ్గరికి వెళ్లి, లోపలికి వచ్చేవాళ్లలా నాలుగైదు సార్లు నడిచి చూడండి.

ఇక ఎత్తు. బొమ్మ నడిమధ్య నేల నుంచి 58 అంగుళాల దగ్గర ఉండాలి. ఫ్రేము ఎత్తు 36 అంగుళాలైతే అందులో సగం 18, రెండూ కలిపితే 76. వెనక తీగను వేలితో పైకి లాగి పట్టుకుని, ఫ్రేము పై అంచు నుంచి ఎంత కిందకుందో కొలవండి. 4 అంగుళాలుంటే మేకు 72 దగ్గర పడాలి. తగిలించాక రసమట్టం పెట్టి చూసుకోండి, కంటిని నమ్మొద్దు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి, మన ఉప్పుగాలికి మామూలువి తుప్పు పడతాయి.

తేమ గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తాను. ఒక అక్టోబరులో, ఒకరి ఇంట్లోంచి అరువు తెచ్చిన ఎచింగును వానకు తడిసే బయటి గోడకు తగిలించాను. ఫ్రేము వెనక గోడకు అతుక్కునే ఉంది. ఇరవై రోజుల్లో తెల్లటి అంచు మీద ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు లేచాయి. ఆ బొమ్మ తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ఇంటావిడ ముందు తలెత్తలేకపోయాను. అప్పటినుంచీ ఏ గోడనైనా ముందు పరీక్షిస్తాను: చదరపు అడుగు ప్లాస్టిక్ షీటు చుట్టూ టేపు వేసి గోడకు అంటిస్తాను. ఒక రోజు తర్వాత దాని కింద చెమ్మ కనిపిస్తే ఆ గోడకు కాగితం బొమ్మలు పెట్టను. బాగున్న గోడకైనా ఫ్రేము కింది రెండు మూలలకీ కార్కు ముక్కలు అంటిస్తే వెనక గాలి ఆడుతుంది.

కాగితం మీద వేసినవాటికి 50 లక్సుల వెలుతురు చాలు, ఆయిల్ పెయింటింగులకు 200 వరకు పర్వాలేదు. లైటును ఏటవాలుగా తిప్పండి, అద్దంలో చూసేవాళ్ల మొహం కనపడకూడదు.

చివరగా చీటీ. ఆర్టిస్టు పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, దేంతో వేశారు, కొలతలు (ముందు ఎత్తు, తర్వాత వెడల్పు) ఉండాలి. దయచేసి తెలుగులో కూడా రాయండి, పెద్ద అక్షరాల్లో. పోయినేడు ఒక పెద్దాయన అడ్డదిడ్డంగా సాగే నీలం గీతల బొమ్మ ముందునుంచి ఊరికే వెళ్లిపోతూ, పక్కనున్న చీటీ మీద ‘వల’ అని చదివారు. రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు అక్కడే వదిలేసి, చాలాసేపు నిలబడ్డారు.