ఈలీలో కాపురం పెట్టే మన పిల్లలకు: ఏ పనికి ఏ కౌన్సిల్ గుమ్మం ఎక్కాలి

ఇంగ్లండ్‌లో చిన్న ఊళ్లో కాపురం పెట్టబోయే మన విజయనగరం పిల్లలు ముందుగా మనసులోంచి తీసెయ్యాల్సిన మాట ఒకటుంది: "కలెక్టర్ గారికి చెబితే అయిపోతుంది." అక్కడ కలెక్టర్ లేరు. సోమవారం గ్రీవెన్స్ లేదు. పైనుంచి ప్రభుత్వం వేసిన కమిషనర్ కూడా లేరు. ఈలీలో అయితే మీ ఒక్క ఇంటి మీద మూడు కౌన్సిళ్లు ఉంటాయి. మూడింటికీ వేరే సభ్యులు, వేరే ఆఫీసులు, వేరే పనులు. ఏ పని ఎవరిదో తెలిస్తే సగం పని అయినట్టే. తెలియకపోతే మీ ఈమెయిల్ "ఇది మా పరిధిలోకి రాదు" అనే మర్యాదైన జవాబుతో తిరిగొస్తుంది.

నేను మున్సిపల్ ఆఫీసులో పన్నుల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి, అల్లుడు కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగాలు చేస్తూ ఈలీలో ఉంటున్నారు. రైలెక్కితే కాసేపటి ప్రయాణం, అద్దె తక్కువ. వాళ్లకొచ్చే బిల్లులు, నోటీసులు వాట్సాప్‌లో పంపుతుంటారు. నేను ప్రింట్ తీయించుకుని పెన్సిల్ పట్టుకుని చదువుతాను. అది తెలిసి మా వీధిలో పిల్లల్ని ఇంగ్లండ్ పంపినవాళ్లు "బాబాయ్, ఈ కాగితం ఏటో చూసి పెట్టు" అని ఫోన్లు పట్టుకుని వస్తున్నారు. అందరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఈలీ పేరుకు సిటీ. పెద్ద కెథడ్రల్ ఉంది, మేయర్ ఉన్నారు. అయినా ఆ సిటీ కౌన్సిల్‌కి ఉన్న అధికారం మన పంచాయతీ స్థాయిదే. 1974లో ఇంగ్లండ్ అంతటా స్థానిక సంస్థల్ని మార్చినప్పుడు ఈలీకి సిటీ హోదా మిగిలింది కానీ పెద్ద పనులన్నీ పైవాళ్లకు పోయాయి. శ్మశానం, అలాట్‌మెంట్లు అనే కూరగాయల మళ్లు, ఊళ్లో ఉత్సవాలు, ఇలాంటివి ఆ మెట్టులోవి. దానిపైన ఈస్ట్ కేంబ్రిడ్జ్‌షైర్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్: చెత్త తీసుకెళ్లడం, ఇళ్ల ప్లాన్లు, ఓటర్ల జాబితా, హోటళ్ల శుభ్రత తనిఖీ, పన్ను వసూలు. ఆ పైన కేంబ్రిడ్జ్‌షైర్ కౌంటీ కౌన్సిల్: రోడ్లు, బడులు, లైబ్రరీలు, వృద్ధుల సంరక్షణ, జనన మరణాల నమోదు. వీటికి తోడు 2017 నుంచి కేంబ్రిడ్జ్‌షైర్, పీటర్‌బరో కలిపి ఒక కంబైన్డ్ అథారిటీ ఉంది. దానికి జనం నేరుగా ఎన్నుకునే మేయర్ వేరు. బస్సు గురించి గోడు అక్కడ చెప్పుకోవాలి. ఈలీ మేయర్ ఏడాదికొకరు మారే గౌరవ పదవి, బస్సు ఆయన చేతిలో ఉండదు.

పంచాయతీ, మండలం, జడ్పీ అనుకోండి, చాలావరకు సరిపోతుంది. తేడా ఒక్కటే. మన విజయనగరంలో కార్పొరేషన్ పరిధిలో ఉన్నవాళ్లకు జడ్పీతో పని లేదు, జడ్పీటీసీకి ఓటు కూడా లేదు. ఈలీలో ఉన్నవాళ్లు మూడింటి కిందా ఒకేసారి ఉంటారు, మూడింటికీ ఓటేస్తారు.

అందుకే మొదటి పని: గవ్ డాట్ యూకే సైట్‌లోకి వెళ్లి మీ పోస్ట్‌కోడ్ కొట్టండి. మీ మీద డిస్ట్రిక్ట్, కౌంటీలు రెండూ ఉన్నాయో, ఒక్క కౌన్సిలే ఉందో అదే చెబుతుంది. ఈలీ లెక్క వేరే ఊరికి కుదరదు. లిచ్‌ఫీల్డ్‌లో ఈలీ లాగే మూడు మెట్లు. వెల్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి డిస్ట్రిక్ట్ లేదు, సోమర్‌సెట్ కౌన్సిల్ ఒక్కటే పైపనులన్నీ చూస్తుంది, కింద సిటీ కౌన్సిల్ ఉంది. డరమ్‌లో 2009 నుంచే డిస్ట్రిక్టులు లేవు. పోయినేడాది వెళ్లిన స్నేహితుడు చెప్పాడని వాడి ఊరి పద్ధతి మీ ఊళ్లో పాటించకండి.

ఇక కౌన్సిల్ ట్యాక్స్. మన పిల్లలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

మన దగ్గర ఇంటి పన్ను ఓనరు కడతాడు. అక్కడ ఇంట్లో ఉన్నవాళ్లు కట్టాలి, అద్దెకున్నా సరే. ఇల్లు మొత్తం ఒక్క అగ్రిమెంట్ మీద తీసుకుంటే బాధ్యత మీది. గదికొక అగ్రిమెంట్ రాసి వేరువేరుగా అద్దెకిస్తే సాధారణంగా ఓనరుది. ఇల్లు చూసేటప్పుడే ఈ ప్రశ్న అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

పన్ను ఎంత అనేది ఇంటి బ్యాండ్‌ని బట్టి ఉంటుంది. ఏ నుంచి హెచ్ వరకు 8 బ్యాండ్లు. 1991 ఏప్రిల్ 1 నాడు ఆ ఇల్లు ఎంత పలికేదో ఆ ధర ఆధారం. పోయినేడాది కట్టిన ఇంటికి కూడా 1991లో ఉండి ఉంటే ఎంత పలికేదని లెక్క వేస్తారు. డి బ్యాండ్‌ని 9 వంతులనుకుంటే, ఏ బ్యాండ్ ఇంటికి 6 వంతులు, హెచ్ బ్యాండ్‌కి 18 వంతులు. బ్యాండ్ తప్పు పడిందనిపిస్తే పన్ను మీ పేరున మొదలైన 6 నెలల్లోపు వాల్యుయేషన్ ఆఫీసుకు రాసుకోవచ్చు. కానీ పరిశీలనలో బ్యాండ్ పెరిగే అవకాశమూ ఉంది. పక్కింటివాళ్ల బ్యాండ్ ఆన్‌లైన్లో చూసుకునే రాయండి.

బిల్లు చేతికొచ్చాక వరసలు చదవండి. పైన డిస్ట్రిక్ట్ పేరు, ముద్ర ఉంటాయి. కింద కౌంటీ, డిస్ట్రిక్ట్, పోలీస్, ఫైర్, కంబైన్డ్ అథారిటీ, సిటీ కౌన్సిల్, ఎవరి వాటా వారికి విడివిడిగా రాసి ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద ముక్క కౌంటీది. వసూలు చేసి పంచిపెట్టేది మాత్రం డిస్ట్రిక్ట్. పన్నుల సెక్షన్‌లో బతుకంతా గడిపినవాణ్ణి, ఈ కాగితం నాకు ఎంతో నచ్చింది. మనిషి కట్టే ప్రతి రూపాయి ఎవరి ఖాతాలోకి పోతోందో అతని చేతికే రాసివ్వడం మన దగ్గరా రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

రాయితీలు ఎవరూ తలుపు తట్టి ఇవ్వరు, మీరే అడగాలి. ఇంట్లో లెక్కకొచ్చే పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గుతుంది. ఫుల్‌టైమ్ స్టూడెంట్లు ఆ లెక్కలోకి రారు. ఇంట్లో అందరూ స్టూడెంట్లయితే పన్నే లేదు. ముగ్గురు కుర్రాళ్లు కలిసి ఉండి, ఇద్దరు చదువుతూ ఒకడు ఉద్యోగం చేస్తుంటే, 25 శాతం పోను మిగతాది ఆ ఉద్యోగి పేరు మీద పడుతుంది. చట్టప్రకారం చదివేవాళ్ల మీద ఆ బాధ్యత లేదు. అద్దెతోపాటు దీన్నెలా సర్దుకోవాలో ఇంట్లో చేరేముందే ముగ్గురూ మాట్లాడుకోవాలి. లేకపోతే మంచి స్నేహాలు చెడిపోతాయి.

ఎంఎస్ అయిపోయినవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. యూనివర్సిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌లో కోర్సు ముగిసే తేదీ ఏదో, మినహాయింపు ఆ తేదీతో సరి. ఉద్యోగం వచ్చిందా లేదా అని ఎవరూ చూడరు. ఆ తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకోండి. వెంటనే కౌన్సిల్‌కి చెప్పేస్తే వాయిదాలు మామూలుగా మొదలవుతాయి, దాచిపెడితే బకాయి మొత్తం ఒకేసారి వచ్చి మీద పడుతుంది.

వీసా మీద ఉన్నవాళ్లకు మరీ ముఖ్యం: 25 శాతం సింగిల్ పర్సన్ డిస్కౌంట్, స్టూడెంట్ మినహాయింపు నిశ్చింతగా తీసుకోవచ్చు. కానీ "కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్" అనేది వేరే. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకిచ్చే ఆ సాయాన్ని ఇమిగ్రేషన్ రూల్స్ పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం కింద లెక్కేస్తాయి. మీ వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ఆ సాయం తీసుకోకూడదు) అని ఉంటే ఆ ఫారం జోలికి వెళ్లకండి.

ఒంటరిగా ఉంటున్న అమ్మాయి దగ్గరికి మనం విజిటర్ వీసా మీద వెళ్లి నాలుగు నెలలు ఉంటే ఆ 25 శాతం పోతుందా అని ఇక్కడి తల్లిదండ్రులు భయపడుతుంటారు. పోదు. మన అసలు ఇల్లు విజయనగరంలో ఉంది కాబట్టి మనం ఆ ఇంటి నివాసుల లెక్కలోకి రాం.

మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి వరకు 10 వాయిదాలు. 12 కావాలంటే అడిగితే ఇస్తారు. ఒక వాయిదా తప్పితే రిమైండర్ వస్తుంది. దాన్నీ పట్టించుకోకపోతే వాయిదాల సౌకర్యం పోయి ఏడాది బకాయి మొత్తం కట్టమంటారు, తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు. డబ్బు ఇబ్బందిగా ఉంటే రిమైండర్ వచ్చిన రోజే ఫోన్ చేయండి. వసూలు చేసేవాడికి ముందుగా చెప్పినవాడి మీద ఓపిక ఉంటుంది. ఇది నేను కౌంటర్ ఇవతల కూర్చుని చూసిన నిజం.

ఫిర్యాదు రాయడం గురించి. వీధిలో గొయ్యి పడితే కౌంటీకి రాయాలి. వీధిలైటు వెలగకపోతే స్తంభం మీద నంబరు ఉంటుంది, ముందు అది ఫొటో తీయండి. ఎవరికి రాయాలో తేలకపోతే ఫిక్స్‌మైస్ట్రీట్ అనే సైట్ ఉంది, 2007 నుంచి నడుస్తోంది. మ్యాప్ మీద చోటు చూపిస్తే సంబంధిత కౌన్సిల్‌కి అదే పంపుతుంది.

మన పిల్లలు రాసే ఫిర్యాదులో బాధ ఎక్కువ, వివరం తక్కువ. "చాలా రోజులుగా ఎవరూ పట్టించుకోవడం లేదు" అని రాస్తే అవతలివాడు ఏం చేయగలడు? ఇలా రాయండి: "ఫలానా వీధి, 14వ నంబర్ ఇంటి ఎదురుగా, రోడ్డుకు ఎడమవైపు గొయ్యి. జానెడు వెడల్పు, చూపుడువేలు మునిగేంత లోతు. సైకిళ్లు అటు నుంచే వెళ్తాయి. మొన్న మంగళవారం తీసిన ఫొటోలు రెండు జత చేశాను. ఎప్పటికి పూడ్చుతారో తెలియజేయగలరు." అంతే. రిఫరెన్స్ నంబర్ వస్తుంది, దాన్ని భద్రంగా దాచుకోండి. ఇకమీదట ఏం రాసినా ఆ నంబరుతోనే మొదలుపెట్టాలి.

కదలిక లేకపోతే కౌన్సిలర్. వాళ్ల ఈమెయిల్ సైట్‌లోనే ఉంటుంది. సిఫారసు, తెలిసినవాళ్లు, పార్టీ మనిషి, ఏదీ అక్కర్లేదు. మీ అడ్రస్, రిఫరెన్స్ నంబర్, ఒక పేరా చాలు. అయితే గొయ్యికి కౌంటీ కౌన్సిలర్, చెత్తకు డిస్ట్రిక్ట్ కౌన్సిలర్ అని గుర్తుంచుకోండి. అప్పుడప్పుడు ఒకే మనిషి రెండు చోట్లా ఉంటారు, అప్పుడు పని సులువు. కౌన్సిల్ మీటింగులకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. డిస్ట్రిక్ట్, కౌంటీ మీటింగుల ఎజెండా కనీసం 5 పనిదినాల ముందు బయట పెట్టాలి. ఫైలు వివరాలు కావాలంటే మన ఆర్‌టీఐ లాంటి చట్టం వాళ్లకూ ఉంది. మనకు 30 రోజుల గడువు, వాళ్లకు 20 పనిదినాలు, దరఖాస్తుకు రుసుం లేదు. కౌన్సిల్ సొంత ఫిర్యాదు విధానం చివరిదాకా వెళ్లినా న్యాయం జరగలేదనిపిస్తే కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఖర్చు ఉండదు, సంగతి తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి. అంబుడ్స్‌మన్ పరిధి డిస్ట్రిక్ట్, కౌంటీల వరకే. సిటీ కౌన్సిల్ మీద ఫిర్యాదు సాధారణంగా తీసుకోరు.

పాత సోఫా పారెయ్యాలంటే డిస్ట్రిక్ట్‌కి రుసుం కట్టి తీసుకెళ్లమనండి. వ్యాన్‌వాడికి చవగ్గా ఇచ్చేసి, వాడది పొలాల్లో పడేస్తే జరిమానా మీ దాకా వస్తుంది. వ్యర్థాలు తీసుకెళ్లే లైసెన్స్ చూసే ఇవ్వండి.

కెథడ్రల్ చుట్టుపక్కల పాత ఇల్లు కొనే స్తోమత వచ్చినవాళ్లకు ఒక మాట. 1083లో కట్టడం మొదలైన గుడి అది. 1322లో నడిమి గోపురం కూలితే దాని స్థానంలో ఎనిమిది పలకల గోపురం కట్టారు. అలాంటి ఊళ్లో కన్సర్వేషన్ ఏరియా, అంటే పాత రూపు చెడకుండా కాపాడే ప్రాంతం, కట్టుబాట్లు గట్టిగా ఉంటాయి. పెరట్లో ఓ మాదిరి చెట్టు కొట్టాలన్నా 6 వారాల ముందు డిస్ట్రిక్ట్‌కి నోటీసు ఇవ్వాలి. లిస్టెడ్ బిల్డింగ్ (రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న ఇల్లు) అయితే కిటికీ మార్చడానికి కూడా అనుమతి కావాలి. అనుమతి లేకుండా మార్చడం అక్కడ క్రిమినల్ నేరం. మన కోట 1713 నాటిది. దాని చుట్టూ ఏమేం లేచాయో రోజూ చూస్తున్నవాణ్ణి కాబట్టి, ఆ కట్టుబాటు మీద నాకు గౌరవమే తప్ప విసుగు లేదు.

స్కూలు సీటు కౌంటీ చేతిలో ఉంది. వచ్చే సెప్టెంబర్‌లో ప్రైమరీలో చేరాలంటే జనవరి 15 లోపు, సెకండరీకి అంతకుముందు అక్టోబర్ 31 లోపు దరఖాస్తు చేయాలి. ఏడాది మధ్యలో దిగినవాళ్లకు వేరే ఫారం ఉంటుంది. బిడ్డ పుడితే 42 రోజుల్లోపు నమోదు.

ఓటు సంగతి చాలామందికి తెలియదు. ఇండియా కామన్వెల్త్ దేశం. చెల్లే వీసాతో అక్కడ నివసిస్తున్న భారతీయులు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయొచ్చు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు వరకు గడువు. 2023 మే నుంచి ఫొటో ఐడీ తప్పనిసరి, మన పాస్‌పోర్ట్ చెల్లుతుంది. పేరు జాబితాలో ఎలా ఉందో పాస్‌పోర్ట్‌లోనూ అలాగే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న మన గందరగోళాన్ని నమోదు రోజే తేల్చుకోండి. శాశ్వత నివాసం వచ్చాక కౌన్సిలర్‌గా పోటీ కూడా చేయొచ్చు. పన్ను కడుతున్న ఊళ్లో మాట చెప్పే హక్కును వదులుకోకండి.

ఈ మూడు మెట్ల పద్ధతి ఎంతో కాలం ఉండకపోవచ్చు. డిస్ట్రిక్ట్, కౌంటీలను కలిపి ఒకే కౌన్సిల్ చేస్తామని అక్కడి ప్రభుత్వం 2024 డిసెంబర్‌లో ప్రకటించింది, కేంబ్రిడ్జ్‌షైర్ కూడా అందులో ఉంది. కాబట్టి ఇల్లు మారినప్పుడల్లా పోస్ట్‌కోడ్ మళ్లీ కొట్టి చూడండి. పాత ఇల్లు ఖాళీ చేసిన తేదీని కౌన్సిల్‌కి రాసి, ఆఖరి బిల్లు తెప్పించుకున్నాకే ఆ ఖాతా డైరెక్ట్ డెబిట్ ఆపండి.